ఒకే మనిషి, రెండు మందుల చీటీలు

సంపాదకుల వారికి నమస్కారం.

నేను హనుమకొండలో 28 ఏళ్ళుగా మెడికల్ షాపు నడుపుతున్న ఫార్మసిస్టును. మనసు కొన్నాళ్ళు కుంగిపోయి, కొన్నాళ్ళు అదుపు లేకుండా ఎగసే బైపోలార్ జబ్బు జన్యువుల మీద ఈ మధ్య పత్రికల్లో వస్తున్న వార్తలను కత్తిరించి దాచుకుంటున్నాను. మీ పత్రికవీ అందులో ఉన్నాయి. మా తమ్ముడికి ఆ జబ్బు ఉంది. వాడికి ఊపిరితిత్తుల జబ్బు సీఓపీడీ కూడా ఉంది. ఈ రెండూ ఒకే మనిషిలో కలిస్తే ఏమవుతుందో మా ఇంట్లో చూశాను. మనసు జబ్బు మీద పరిశోధన చేసేవాళ్ళు ఒక చోట, ఊపిరితిత్తుల మీద చేసేవాళ్ళు ఇంకో చోట పనిచేస్తున్నారు. ఆ రెండు చోట్లా మా తమ్ముడిలాంటి వాడికి చోటు దొరకడం లేదు. ఆ మాట చెప్పుకోవడానికే ఈ ఉత్తరం.

పేర్లు రాయడం లేదు. తమ్ముడు రాయమనే అన్నాడు. కానీ వాడి కూతురికి సంబంధాలు చూస్తున్నాం. ఆ సంగతి తర్వాత చెబుతాను.

వాడు ఎనుమాముల మార్కెట్‌లో దడువాయి. రైతులు తెచ్చిన మిర్చి, పత్తి బస్తాలు కాంటా పెట్టి తూకం రాసే పని. జబ్బు మొదటిసారి బయటపడింది 2001లో, వాడికి 24 ఏళ్ళప్పుడు. అంతకుముందు ఐదారు నెలలు గదిలోంచి బయటికి రాని మనిషి, ఒక్కసారిగా నాలుగు రాత్రులు కన్ను మూయలేదు. మా వాడలో పిల్లలందరికీ సైకిళ్ళు కొనిపెడతానని, పెళ్ళిలో అత్తగారు పెట్టిన ఉంగరం అమ్మేశాడు. నాలుగు సైకిళ్ళు నిజంగానే తెచ్చాడు. ఐదో సైకిలు బేరమాడుతుండగా వెళ్ళి పట్టుకొచ్చాం.

అప్పుడు డాక్టరు గారు లిథియం మొదలుపెట్టారు. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు ఈ జబ్బుకు పనిచేస్తుందని చూపించిన లవణం అది. చాలా చవక. నా షాపులో దానికంటే ఖరీదైన దగ్గు మందులు ఉన్నాయి. ఆ చవక మాత్రే మా తమ్ముడికి 20 ఏళ్ళ జీవితం తిరిగి ఇచ్చింది. పెళ్ళాం పిల్లలతో, పనితో, పండగలతో అందరిలాగే బతికాడు. మూడు నాలుగు నెలలకోసారి, రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇచ్చి లిథియం లెవెల్ చూపించుకునేవాడు. ఆ అంకె 0.6కి పైన, 1కి లోపల ఉండాలి. తగ్గితే జబ్బు తిరగబెడుతుంది, బాగా పెరిగితే మందే విషమవుతుంది. వాడిది ఎప్పుడూ 0.7 దగ్గర్లోనే ఉండేది. తూకం మనిషి కదా, ఆ అంకెలన్నీ ఒక నోట్‌బుక్కులో వరసగా రాసుకునేవాడు. 2001 నుంచి ఉన్నాయి.

2018 ప్రాంతంలో దమ్ము మొదలైంది. బీడీ అలవాటు పదహారేళ్ళ వయసు నుంచీ ఉంది. దానికితోడు ఎండాకాలం మిర్చి యార్డులో రోజంతా ఆ ఘాటు, ఆ ధూళి. మనలాంటివాళ్ళం గేటు దగ్గరే తుమ్ముతాం, వాళ్ళు అందులోనే అన్నం తింటారు. ఊదుడు పరీక్ష చేసి సీఓపీడీ అన్నారు. ఇన్‌హేలర్ ఇచ్చారు.

2022 డిసెంబరులో చలికి బాగా ముదిరింది. మెట్లెక్కలేకపోయాడు. ఛాతీ డాక్టరు దగ్గరికి మా మరదలు తీసుకెళ్ళింది. ఆ చీటీ తీసుకుని నేరుగా నా షాపుకే వచ్చారు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 40 మిల్లీగ్రాములు 5 రోజులు, శ్వాసనాళాలు వదులు చేసే థియోఫిలిన్ మాత్ర పూటకొకటి చొప్పున రోజుకు రెండు, ఒక యాంటీబయాటిక్, ఇన్‌హేలర్ మార్పు. ఆయాసానికి రోజూ కౌంటర్ మీద చూసే చీటీయే. నేనే స్ట్రిప్పులు కత్తిరించి కవర్లో వేసి ఇచ్చాను. ఉదయం, రాత్రి అని నా చేత్తోనే పెన్నుతో రాశాను.

ఆరో రోజు రాత్రి 3 గంటలకు మరదలు ఫోన్ చేసింది. పక్క వీధే కాబట్టి నడిచి వెళ్ళాను. వంటింట్లో లైటు వేసి ఉంది. తమ్ముడు చేతి కాంటాతో ఇంట్లో ఉన్నవన్నీ తూస్తున్నాడు. బియ్యం, కందిపప్పు, ఉల్లిగడ్డలు, చివరికి పిల్ల చెప్పులు కూడా. తూసిన ప్రతిదీ చాక్‌పీసుతో గోడ మీద రాస్తున్నాడు. ఒక గోడ అయిపోయి రెండో గోడకు వచ్చాడు. నోరు ఆగడం లేదు. కానీ ఊపిరి అందడం లేదు. నాలుగు మాటలకోసారి వంగి, రెండు మోకాళ్ళ మీద చేతులు ఆనించి, భుజాలు ఎగరేసి గాలి పీల్చుకుని, లేచి మళ్ళీ ఎక్కడ ఆపాడో అక్కడి నుంచే అందుకుంటున్నాడు. పెదవులు నీలిరంగుకు తిరిగాయి. "అన్నా, లెక్క తప్పింది, మళ్ళ తూకం వెయ్యాలె" అంటున్నాడు. బైపోలార్‌లో మాట ఎలా తోసుకొస్తుందో చూశాను, సీఓపీడీలో ఊపిరి ఎలా అందకుండా పోతుందో చూశాను. ఆ రెండూ ఒకే ఛాతీలో పెనుగులాడటం చూడటం అదే మొదటిసారి.

పొద్దున లిథియం లెవెల్ తీయిస్తే 0.49. అంతకు నెల ముందు 0.72. మాత్ర ఒక్కటి కూడా మానలేదు, మరదలు లెక్కపెట్టి ఇస్తుంది. మరి ఎక్కడికి పోయింది? ఆ ప్రశ్నతో షాపుకు వచ్చి ఫార్మకాలజీ పుస్తకం తీశాను. చదువుకునేటప్పుడు చూసిన పేజీయే. థియోఫిలిన్ పడితే మూత్రపిండాలు లిథియంను మామూలుకంటే ఎక్కువగా బయటికి పంపేస్తాయి. రక్తంలో లెవెల్ పడిపోతుంది. ఇంకోవైపు ప్రెడ్నిసొలోన్‌లాంటి స్టెరాయిడ్ తనంతట తానే మనసును ఎగదోయగలదు. అడ్డుకట్టను ఒక మందు కిందికి దించింది, ఇంకో మందు వరద తెచ్చింది. రెండూ నా కౌంటర్ మీదుగానే వెళ్ళాయి. ఆ చీటీ రాసిన డాక్టరును నేను తప్పుపట్టను, ఆయనకు లిథియం సంగతి ఎవరూ చెప్పలేదు. నాకు తెలుసు. తెలిసి కూడా నా చేతికి ఆ క్షణంలో గుర్తు రాలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ చేయి ఆగుతోంది.

19 రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు.

అప్పటినుంచి షాపులో అందరినీ అడుగుతున్నాను, "ఇంకేమన్నా మందులు వాడుతున్నారా" అని. ఆయాసానికి మందులు కొనేవాళ్ళు బీపీ, షుగరు చెబుతారు. మనసుకు వాడేవి చెప్పరు. ఆ మాత్రలు ఇంకో షాపులో, వీలైతే ఇంకో ఊళ్ళో కొంటారు. నా దగ్గర కొనేవాళ్ళు నల్ల కవర్లో వేయమంటారు. కాస్త చనువు వచ్చాక ఒక్కొక్కరే చెబుతున్నారు. చేతులు వణుకుతున్నాయని ప్రొప్రనొలాల్ రాయించుకున్న ఒకావిడకు ఉబ్బసం ఉందని తేలింది. వణుకు తగ్గించే ఆ మాత్ర ఉబ్బసం ఉన్నవాళ్ళకు శ్వాసనాళాలు బిగుసుకుపోయేలా చేస్తుంది. ఉబ్బసానికి వాడే మాంటెలుకాస్ట్ వల్ల మనసులో మార్పులు రావచ్చని అమెరికా ఔషధ సంస్థ 2020 మార్చిలో గట్టి హెచ్చరిక ఇచ్చింది. ఇంకోటుంది. బీడీ, సిగరెట్ పొగ కాలేయంలో ఒక ఎంజైమును రెచ్చగొడుతుంది. దాంతో థియోఫిలిన్, మూడ్‌కు వాడే ఒలాంజపిన్ రెండూ తొందరగా కరిగిపోతాయి. మనిషి పొగ మానేశాడంటే అదే మోతాదు ఒంట్లో పెరుగుతుంది. పొగ మానడం మంచిదే, మానిన రోజు నుంచి మందు లెక్క మార్చాలని చెప్పేవాళ్ళు కావాలి. మనసుకూ ఊపిరికీ మధ్య ఇన్ని దారులు ఉన్నాయి. ఆ దారుల్లో నడిచే మనిషిని మాత్రం ఎవరూ లెక్కపెట్టడం లేదు.

లెక్కపెట్టడం లేదని ఊరికే అనడం లేదు. ప్రెడ్నిసొలోన్ జాతిదే అయిన ప్రెడ్నిసోన్ వాడిన రోగుల లెక్కలను బోస్టన్ పరిశోధకులు 1972లో ప్రచురించారు. రోజుకు 40 మిల్లీగ్రాములు, అంతకంటే తక్కువ వాడినవాళ్ళలో మానసిక ఇబ్బందులు 1.3 శాతానికి వచ్చాయి. 80 దాటి వాడినవాళ్ళలో 18.4 శాతానికి. ఆస్పత్రిలో మామూలు రోగుల లెక్క అది. ముందే బైపోలార్ ఉన్న మనిషికి, పైగా లిథియం పడిపోతున్న మనిషికి 40 మిల్లీగ్రాములే ఎంత ప్రమాదమో తేలాలంటే అలాంటివాళ్ళను చేర్చుకుని చూడాలి. చేర్చుకోవడం లేదు. గత ఏడాది హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రిలో కొత్త ఇన్‌హేలర్‌ను రోగుల మీద పరీక్షించే క్లినికల్ ట్రయల్ జరుగుతోందని తెలిసి తమ్ముణ్ణి తీసుకెళ్ళాను. మందులు ఉచితం, పరీక్షలు ఉచితం, నెలనెలా చూస్తారు. ఊదుడు పరీక్షలో అర్హత వచ్చింది. తర్వాత వాడుతున్న మందులు అడిగారు. లిథియం అనగానే ఆ అమ్మాయి పెన్ను పక్కన పెట్టింది. చాలా మర్యాదగానే చెప్పింది, తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్ళను ఈ ట్రయల్‌లో తీసుకోరని. కాగితం చూపించింది, నిజంగానే రాసి ఉంది. బస్టాండుకు వచ్చే దారిలో ఆటోలో తమ్ముడు అడిగాడు, "ఏందన్నా, నా ఊపిరితిత్తులు ఊపిరితిత్తులు కావా?" అని. వాడికి చెప్పడానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

ట్రయల్ చేసేవాళ్ళ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. మందులు కలగలిస్తే ఫలితం ఏ మందు వల్ల వచ్చిందో తేల్చడం కష్టం. జబ్బు తిరగబెడితే బాధ్యత వాళ్ళది. సమ్మతి తెలిసే ఇచ్చాడా అనే అనుమానం కూడా ఉంటుంది. కానీ అలా వదిలేసిన మందులే రేపు మార్కెట్లోకి వస్తాయి. అప్పుడు వాటిని మా తమ్ముడికీ రాస్తారు. ట్రయల్‌లో డాక్టర్ల కళ్ళ ముందు వాడకూడనిది, బయట ఎవరూ చూడకుండా వాడొచ్చా? మన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో తెచ్చిన నైతిక మార్గదర్శకాల్లో, బలహీన స్థితిలో ఉన్నవాళ్ళకూ పరిశోధనలో చేరే హక్కు సమానంగా ఉంది, దాని ఫలం వాళ్ళకూ దక్కాలి అనే ఉంది. చేయలేని పని కూడా కాదు. పొగ మాన్పించే మందులు మనసు మీద ప్రభావం చూపిస్తాయా అని చూడటానికి ఈగల్స్ అనే పెద్ద ట్రయల్ జరిగింది. 2016లో ఫలితాలు వచ్చాయి. అందులో 8 వేల మందికి పైగా పొగతాగేవాళ్ళు ఉంటే, దాదాపు సగం మంది మానసిక జబ్బులున్నవాళ్ళే. వాళ్ళను కావాలనే చేర్చుకున్నారు. పొగ మాన్పించే వరెనిక్లిన్ వాడినా మానసిక ఇబ్బందులు చెప్పుకోదగ్గంత పెరగలేదని తేలింది. ఆ ఏడాది చివర్లో ఆ మందు కాగితం మీద నల్ల గీతల పెట్టెలో వేసే గట్టి హెచ్చరికను అమెరికాలో తీసేశారు. అంతవరకు ఆ భయంతోనే మనసు జబ్బున్నవాళ్ళకు ఆ మందు రాయడానికి జంకేవాళ్ళు. అడిగి చూస్తే భయం పోయింది.

ఇక జన్యువుల సంగతి. మా మరదలి తరఫున ఒక సంబంధం వచ్చింది, పోయిన శ్రావణంలో. పిల్ల నచ్చింది. అబ్బాయి మేనమామ ఒక పేపర్ కటింగ్ మడతపెట్టి జేబులో పెట్టుకుని వచ్చాడు. "జన్యువుల్లోనే ఉంటదంట కదా బావా, పేపర్ల రాసిన్రు" అన్నాడు. కోపంగా కాదు, భయంగా అన్నాడు. ఆ భయం నాకు అర్థమైంది. అందుకే మీ పత్రిక చదివేవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పాలనిపించింది.

2025 జనవరిలో వచ్చిన పెద్ద అధ్యయనంలో బైపోలార్ ఉన్న 1,58,036 మంది డీఎన్‌ఏను, జబ్బులేని సుమారు 28 లక్షల మంది డీఎన్‌ఏతో పోల్చారు. 298 చోట్ల తేడాలు కనిపించాయి. ఒక్క జన్యువు కాదు, 298 చోట్లు. ఒక్కోటీ జబ్బు వైపు తూచేది చాలా కొద్ది. మా తమ్ముడికి ఇలా చెప్పాను: పెద్ద కాంటా మీద ఒక్కో మిరపకాయ వేస్తున్నట్టు అనుకో, ఒక్క కాయకు ముల్లు కదలదు. "మరి బస్తా నిండితే?" అన్నాడు. బస్తా నిండినా అందరికీ జబ్బు రాదు. ఒకే రకం డీఎన్‌ఏతో పుట్టిన కవలల్లో ఒకరికి బైపోలార్ ఉన్నా, రెండోవాళ్ళకు తప్పకుండా రావాలని లేదు. మామూలు జనంలో 100 మందిలో ఒకరికి వచ్చే జబ్బు, తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో 5 నుంచి 10 మందికి వస్తుంది. అంటే 100 మందిలో కనీసం 90 మందికి రాదు. మా పిల్లకు వస్తుందా రాదా అని చెప్పే రక్తపరీక్ష ప్రపంచంలో లేదు. ఈ మాటే ఆ మేనమామకూ చెప్పాను. విన్నాడు. సంబంధం కుదరలేదు.

శాస్త్రం కూడా తొందరపడి వెనక్కి తగ్గిన సందర్భం ఉంది. 1987లో అమెరికాలో పెన్సిల్వేనియా ఆమిష్ కుటుంబాల్లో బైపోలార్ జన్యువు 11వ క్రోమోజోమ్ మీద ఉందని ప్రకటించారు. ప్రపంచమంతా రాసింది. 1989కల్లా, అదే వంశంలో ఇంకొంతమందిని చేర్చి చూస్తే ఆ లెక్క నిలవలేదు. అందుకే "జన్యువు దొరికింది" అని హెడ్డింగు పెట్టేటప్పుడు మీ డెస్కులో ఉన్నవాళ్ళు ఒక్క క్షణం మా పిల్లను తలుచుకోవాలని కోరుతున్నాను.

ఊపిరితిత్తుల వైపు ఒక జన్యువు స్పష్టంగా దొరికిన కథ ఉంది, నాకు చాలా ఇష్టమైన కథ. 1963లో స్వీడన్‌లోని మాల్మోలో లారెల్ అనే డాక్టరు రక్తంలో ప్రొటీన్లను వేరుచేసే కాగితపు పట్టీలు చూస్తున్నాడు. సుమారు 1,500 పట్టీల్లో ఐదింట ఒక గీత కనిపించలేదు. ఆయన వాటిని పక్కన పారేయలేదు. ఎరిక్సన్ అనే కుర్ర డాక్టరుతో కలిసి ఆ ఐదుగురూ ఎవరో వెతికితే ముగ్గురికి ఊపిరితిత్తుల జబ్బు. ఊపిరితిత్తులను కాపాడే ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ప్రొటీన్ లోపం అలా బయటపడింది. లేని గీతను చూశారు కాబట్టే దొరికింది. అది యూరప్ జనంలో ఎక్కువ. మామూలు సీఓపీడీ మాత్రం బైపోలార్ లాంటిదే, 2019 అధ్యయనంలో 82 చోట్లు తేలాయి. ఉబ్బసానికీ డిప్రెషన్‌కూ జన్యువుల్లో కొంత ఉమ్మడి ఉందని కూడా అదే ఏడాది ఒక అధ్యయనం చూపించింది. అంటే మా ఇంట్లో జరిగింది మా ఒక్క ఇంటి సంగతి కాకపోవచ్చు.

మా అమ్మ గురించి చెప్పాలి. ఆమె జీవితంలో బీడీ ముట్టలేదు. 40 ఏళ్ళు కట్టెల పొయ్యి ఊదింది. వానాకాలం తడి కట్టెలకు ఇల్లంతా పొగ, ఆ పొగలో ఒక గొట్టం పట్టుకుని వంగి ఊదే అమ్మ. చివరికి దమ్ముతోనే పోయింది. మృగశిర కార్తెకు హైదరాబాద్ వెళ్ళి మూడేళ్ళు వరసగా చేప మందు వేసుకుంది. కానీ ఏడాదిలో రెండు మూడు నెలలు గోడవైపు తిరిగి పడుకునేది. తల దువ్వుకునేది కాదు, అడిగితే "ఏం లేదు బిడ్డా" అనేది. మేం దాన్ని దమ్ము నీరసం అనుకున్నాం. తమ్ముడికి జబ్బు వచ్చాక, అమ్మ పోయాక గానీ అది ఏమిటో నాకు వెలగలేదు. ఆమె నెత్తురు ఎవరూ చూడలేదు, ఆమె మనసు ఎవరూ అడగలేదు.

మన దేశంలో 2016 నాటికి సీఓపీడీ ఉన్నవాళ్ళు సుమారు 5.5 కోట్లని అంచనా. ప్రపంచ జనాభాలో మనం 18 శాతం, దీర్ఘకాలిక శ్వాస జబ్బుల భారంలో 32 శాతం. మా అమ్మలా పొగ తాగకుండానే పొగ మింగినవాళ్ళు అందులో ఎంతోమంది. ఇక మనసు జబ్బులు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు 2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేశారు. బైపోలార్ ఉన్నవాళ్ళలో దాదాపు 70 శాతానికి చికిత్స అందడం లేదని తేలింది. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు. పైన చెప్పిన 298 చోట్ల అధ్యయనంలో యూరప్, తూర్పు ఆసియా, ఆఫ్రికన్ అమెరికన్, లాటినో మూలాల వాళ్ళు ఉన్నారు. దక్షిణాసియా పేరుతో ఒక గుంపు లేదు. లిథియం ఎవరికి బాగా పనిచేస్తుందో జన్యువుల్లో వెతికిన అధ్యయనం 2016లో వచ్చింది, 2,563 మందితో. 21వ క్రోమోజోమ్ మీద ఒక చోటు కనిపించింది. మా తమ్ముడికి లిథియం 20 ఏళ్ళు ఎందుకంత బాగా పనిచేసిందో వాడి నెత్తుటిలో రాసి ఉండొచ్చు. దాన్ని చదివేవాళ్ళు కావాలి.

మన జన్యువులు చదివితే ఏమొస్తుందని అడిగేవాళ్ళకు ఇంటి దగ్గరి ఉదాహరణే ఉంది. మన వైశ్య కుటుంబాల్లో కొంతమందికి ఆపరేషన్లో కండరాలు వదులు చేయడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మందు ఒంట్లో త్వరగా కరిగిపోదు. ఊపిరి తిరిగి రావడానికి గంటల సమయం పడుతుంది. దాని వెనకున్న జన్యు కారణం గురించి హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2017లో హార్వర్డ్ వాళ్ళతో కలిసి ప్రచురించిన పరిశోధనలోనూ ఉంది. మత్తు డాక్టర్లు ముందే అడిగి జాగ్రత్త పడుతున్నారు. ఒక మందు, ఒక జన్యువు, ఒక ప్రశ్న, అంతే, ప్రాణం నిలుస్తోంది. 10 వేల మంది భారతీయుల జన్యుపటాలతో జీనోమ్ ఇండియా సమాచారం కూడా 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. సీసీఎంబీకి అందులో భాగం ఉంది. బెంగళూరులో నిమ్హాన్స్, జీవశాస్త్ర పరిశోధన సంస్థలైన ఎన్‌సీబీఎస్, ఇన్‌స్టెమ్ కలిసి, ఒకే ఇంట్లో ఒకరికంటే ఎక్కువ మందికి మనసు జబ్బులున్న కుటుంబాలను ఏళ్ళ తరబడి వెంబడి చూస్తున్నాయి. అంటే పనిముట్లు ఉన్నాయి, చేసే మనుషులు ఉన్నారు.

నేను అడిగేది ఇది. హైదరాబాద్ ఎర్రగడ్డలో ఛాతీ ఆస్పత్రి ఉంది, మానసిక చికిత్సాలయం ఉంది. రెండూ ఉస్మానియా మెడికల్ కాలేజీకి అనుబంధమే. విశాఖలో కూడా రెండూ వాల్తేరులోనే ఉన్నాయి. వారానికి ఒక పూట రెండు శాఖల డాక్టర్లు ఒకే గదిలో కూర్చుని, రెండు జబ్బులూ ఉన్నవాళ్ళను చూడలేరా? అలా వచ్చినవాళ్ళందరి వివరాలు ఒక రిజిస్టర్లో రాస్తే, లిథియం లెవెల్, ఊదుడు పరీక్ష అంకె, స్టెరాయిడ్ ఎన్ని రోజులు వాడారు, నిద్ర ఎలా ఉంది అని రాస్తే, ఐదేళ్ళలో ప్రపంచంలో ఇంకెక్కడా లేని లెక్క మన దగ్గర ఉంటుంది. ఇష్టమున్నవాళ్ళ దగ్గర జన్యు పరీక్షకు రక్తం కూడా తీసుకోవచ్చు. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, ఉర్దూలో ఉండాలి. గూగుల్ తెలుగు కాదు, మా మరదలు ఒకసారి చదివితే అర్థమయ్యే తెలుగు. ఆ రక్తం ఎక్కడికి వెళ్తుందో, పేరు ఎవరికి తెలుస్తుందో, ఫలితం తిరిగి చెబుతారో చెప్పరో అందులో ముందే రాయాలి. ఎందుకంటే మా లాంటి ఇళ్ళల్లో ఆ కాగితం మీద సంతకం అంటే పిల్ల పెళ్ళి కూడా దాని మీద ఆనుకుని ఉంటుంది.

ఎర్రగడ్డ అన్నాను కాబట్టి ఇంకో మాట. ఆ ఊరి పేరును తిట్టుగా వాడటం సినిమాల్లోనూ ఇళ్ళల్లోనూ ఇంకా ఆగలేదు. మా తమ్ముడు మార్కెట్లో ఆ మాట వింటే కాంటా వదిలేసి కాసేపు బయటికి వెళ్ళి నిలబడతాడు. అలా నిలబడినప్పుడే బీడీ వెలిగించేవాడు. మానేసి రెండేళ్ళు దాటింది.

ఇప్పుడు వాడికి థియోఫిలిన్ లేదు. ఛాతీ డాక్టరు, సైకియాట్రిస్టు ఇద్దరి చీటీలూ ఒకే ఫైలులో పిన్ను కొట్టి, పైన ఎర్ర పెన్నుతో "లిథియం వాడుతున్నారు" అని రాశాను. స్టెరాయిడ్ ఇవ్వాల్సి వస్తే సైకియాట్రిస్టుకు ముందే ఫోన్ చేయాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. పోయిన వారం లెవెల్ 0.68. నోట్‌బుక్కులో రాసుకున్నాడు.

ఈ ఉత్తరం పంపేముందు వాడికి చదివి వినిపించాను. సైకిళ్ళ సంగతి తీసేయమంటాడేమో అనుకున్నాను, ఉండనీ అన్నాడు. ఎవరైనా ఇలాంటి పరిశోధన మొదలుపెడితే రక్తం ఇవ్వడానికి వాడు సిద్ధం. 2001 నుంచి రాసుకున్న ఆ నోట్‌బుక్కు కూడా ఇస్తానంటున్నాడు. జబ్బు లేని తోబుట్టువుల రక్తం కూడా పోల్చి చూడటానికి పనికొస్తుంది. నేనూ ఇస్తాను. చిరునామా, ఫోన్ నంబరు మీ కార్యాలయానికి వేరే కవర్లో పంపిస్తున్నాను.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
హనుమకొండ